శనివారపు సాయంకాలము: విలియం కేరీ జీవితమునుండి ఒక పాఠము

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమందలి గోల్‌బజార్‌లో తెలుగు మాట వినబడుట వింత కాదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా చేసినది మొదలు, ఉత్తరాంధ్ర జిల్లాలనుండి పని వెదకుకొనుచు వచ్చిన కుటుంబములు అనేకములు అచ్చట స్థిరపడెను. వారి సంతతివారు అంగడిలో బంగాళీలోను హిందీలోను బేరమాడి, ఇంటికి వచ్చి తెలుగు బైబిలు తెరచుచున్నారు. పరాయి గడ్డమీద ఒకరికొకరు తోడైన జనులు వారు. అయితే గోడకు గోడ ఆనుకొనిన కాపురములలో, ఒకే చోట పనిచేయువారి నడుమ, ఒకే ఆలయమున ఆరాధించువారి నడుమ ప్రేమ ఎంత త్వరగా పెరుగునో మనస్పర్థయు అంతే త్వరగా పెరుగును. తీర్చని చేబదులు, అందని పెండ్లిపిలుపు, సంఘ కూటములో జారిన ఒక మాట, ఇవి చాలును. నిన్నటివరకు ఒకే కంచములో తిన్నవారు నేడు ఆలయములో చెరియొక ప్రక్కన కూర్చుందురు. ఇది గోల్‌బజార్ కథ మాత్రమే కాదు. తెలుగు విశ్వాసులు కూడుకొను ప్రతి ఊరి కథ.

ఆ ఖరగ్‌పూర్‌నుండి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. హౌరానుండి హుగ్లీ నది వెంబడి ఉత్తరముగా మరికొంత దూరము పోయినచో శ్రీరాంపూరు. రైలు అను మాట ఈ దేశమున ఎవరును వినని దినములలో, ఆ నది ఒడ్డున కొందరు దైవసేవకులు ఒకే ఇంట కాపురముండి, ఇట్టి మనస్పర్థలకు ఒక మందు కనుగొనిరి. వారిలో పెద్దవాడు విలియం కేరీ. 1814లో తెలుగు భాషకు ఇంగ్లీషున ఒక వ్యాకరణము వ్రాసి అచ్చువేసినవాడు ఆయన. 1818లో ఆ ముద్రణాలయమునుండియే తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. నేటికిని మన పాస్టర్లలో అనేకులు శ్రీరాంపూరు పేరిట వేదాంత పట్టము పొందుచున్నారు. కేరీ గొప్ప భాషావేత్తయని అందరును ఎరుగుదురు. అయితే ఆయన తన దోషమును ఒప్పుకొనుటయు ఇతరుల దోషమును క్షమించుటయు ఎట్లు నేర్చుకొనెనో కొందరే ఎరుగుదురు.

కేరీ 1761వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్ మండలములోని పాలర్స్‌పురి అను గ్రామమున జన్మించెను. తండ్రి ఎడ్మండ్ నేతగాడు. తరువాత ఆ ఊరి బడిపంతులాయెను. కేరీ పదునాలుగేండ్ల ప్రాయమున చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు ఒక యజమానియొద్ద చేరెను. అక్కడ ఒక క్రిస్మసు కాలమున జరిగిన సంగతి ఆయనను జీవితాంతము వెంటాడెను. పండుగ కానుకలు అడుగుటకు వర్తకులయొద్దకు పోయినప్పుడు ఇనుప సామానుల వర్తకుడొకడు ఆ బాలునికి ఒక షిల్లింగు నాణెము ఇచ్చెను. తీరా చూచిన అది చెల్లని నాణెము. యజమాని సొమ్ము కొంత చేతిలో ఉండెను. బాలుడు అందులోని మంచి నాణెమును తన ఖర్చునకు తీసికొని, చెల్లనిది యజమాని లెక్కలోనిదని చెప్పుటకు నిశ్చయించుకొనెను. అంతటితో ఆగక, ఈ ఒక్క అబద్ధము బయటపడకుండ చేసినచో ఇకమీదట చెడుతనమంతయు మానుదునని దారిపొడుగునను దేవుని వేడుకొనెను. ఆ ప్రార్థనకు అతడు కోరిన జవాబు రాలేదు. యజమాని విచారించెను, నిజము బయటపడెను. వీథిలో నడచుటకును ముఖము చెల్లనంత సిగ్గు ఆ బాలుని కప్పివేసెను.

ఆ సిగ్గే ఆయనకు కృపాద్వారమాయెను. అంతకుముందు కేరీ వాదములో ఓడిపోవుట ఎరుగనివాడు. తనతో పని నేర్చుకొనుచుండిన జాన్ వార్ అను యౌవనుడు రక్షణను గూర్చి మాటలాడగా, మాటలలో తానే గెలుచుచు హృదయములో ఓడిపోవుచుండెను. చెల్లని నాణెము సంగతి తరువాత తాను కూడ లోపల చెల్లనివాడనని ఆయన గ్రహించెను. 1779లో ప్రభువునకు తన్ను అప్పగించుకొనెను. 1783 అక్టోబరు 5వ తేదీన నెన్ నదిలో బాప్తిస్మము పొందెను. తన జేబులోని చెల్లని నాణెమును ముందుగా చూచుకొనినవాడే పరుని నాణెమును కనికరముతో చూడగలడని ఆయన తరువాతి జీవితము సాక్ష్యమిచ్చుచున్నది.

లెస్టర్ పట్టణమున ఆయన కాపరిగా చేరిన సంఘము కలహములతో చీలియుండెను. బోధించినను, బ్రతిమాలినను, క్రమశిక్షణ చేసినను మార్పు రాలేదు. తుదకు 1790లో ఆ సంఘ సభ్యత్వమునంతటిని రద్దుచేసి, దేవునితోను ఒకరితో ఒకరును క్రొత్తగా నిబంధన చేసికొనగోరువారినే తిరిగి చేర్చుకొనిరి. గాయముపై గుడ్డ కప్పినంత మాత్రమున అది మానదనియు, కడిగి కట్టుకట్టవలెననియు ఆయన అక్కడ నేర్చుకొనెను.

1792 అక్టోబరు 2వ తేదీన కెటరింగ్ పట్టణమున బాప్టిస్టు మిషనెరీ సంఘము ఏర్పడెను. మరుసటి సంవత్సరము జూన్ నెలలో కేరీ కుటుంబముతో ఓడ ఎక్కి, నవంబరులో కలకత్తా చేరెను. ఆయనతో వచ్చినవాడు జాన్ థామస్ అను వైద్యుడు. థామస్ హృదయము మంచిది, ఆత్మలయెడల భారముగలవాడు, రోగులయెడల దయగలవాడు. కాని సొమ్ము విషయములో అతనికి నిదానము లేదు. పాత అప్పులవారు అతని వెన్నంటియుండిరి. మిషను ఇచ్చిన కొద్దిపాటి ధనము కలకత్తాలో త్వరలోనే కరిగిపోయెను. భార్యబిడ్డలతో, జ్వరములతో, పరాయి పట్టణమున కేరీ దిక్కులేనివాడాయెను. ఆ దినములలో ఆయన మనస్సు థామస్‌మీద నొచ్చుకొనెననుటలో సందేహము లేదు. సుందరవనముల అంచున అడవి కొట్టి ఇల్లు కట్టుకొనవలసినంత దీనస్థితి ఆయనకు వచ్చెను.

అయినను కేరీ ఆ స్నేహమును తెంచుకొనలేదు. 1794లో మాల్దా ప్రాంతమున నీలిమందు కర్మాగారములలో పని దొరకినప్పుడు, ఆ దారి చూపినవాడు థామసే. ఇద్దరును కొద్ది మైళ్ల దూరములో ఉండి, కలిసి ప్రార్థించుచు, కలిసి వాక్యము ప్రకటించుచు వచ్చిరి. 1800 సంవత్సరాంతమున కృష్ణపాల్ అను వడ్రంగి చేయి తొలగి బాధపడుచుండగా, ఆ చేతిని సరిచేసి రక్షకుని గూర్చి అతనికి చెప్పినవాడును థామసే. ఆ డిసెంబరు 28వ తేదీన కృష్ణపాల్ హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. ఏడు సంవత్సరముల కన్నీటి తరువాత కేరీ చూచిన తొలి బంగాళీ ఫలము అది. 1793లో కేరీ థామస్‌ను విడిచిపెట్టియుండినయెడల ఆ దినమున కృష్ణపాల్ ప్రక్కన ఎవరు కూర్చుందురు? మనము క్షమించి నిలుపుకొనిన మనుష్యునిచేత దేవుడు ఏమి చేయించునో ముందుగా మనకు తెలియదు.

అయితే కేరీ జీవితములో అంత సులభముగా సరికాని బంధము ఒకటి ఉండెను. భార్య డొరతీ ఇండియా రాకకు మొదట ఒప్పుకొనలేదు. ప్రయాణపు తుది దినములలో బలవంతపెట్టగా బయలుదేరెను. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటర్ రక్తవిరేచనముల వ్యాధితో మరణించెను. ఆ దుఃఖము తరువాత ఆమె మనస్సు చెదరిపోయెను. భర్తపై లేనిపోని అనుమానములతో ఆమె మాటలు నిండెను. అది పాపము కాదు, వ్యాధి. ఒప్పుకోలు అడుగుటకు అక్కడ తావు లేదు; భరించుటకు మాత్రమే తావు. 1807 డిసెంబరులో ఆమె మరణించువరకు, పండ్రెండేండ్లకు పైగా కేరీ ఆమెను ఇంటనే ఉంచుకొని సాకెను. ప్రక్క గదిలో ఆమె కేకలు వినుచు ఆయన అనువాదపు పని సాగించెను. ఆమెను అంత దూరము తీసికొనివచ్చుటలో ఆయన బాధ్యత ఎంతయని నేటి చదువరులు అడుగుదురు; ఆ ప్రశ్న న్యాయమైనదే. దైవజనుల ఇండ్లలోను కన్నీటితో తప్ప జవాబు చెప్పలేని ప్రశ్నలుండును.

1800 జనవరి 10వ తేదీన కేరీ డెన్మార్కు రాజు ఏలుబడిలోనుండిన శ్రీరాంపూరునకు వచ్చి చేరెను. జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, ముద్రణ పని ఎరిగిన విలియం వార్డ్ మొదలైనవారు కొద్ది నెలల ముందుగా ఇంగ్లండునుండి అచ్చటికి వచ్చియుండిరి. అందరును ఒక పెద్ద ఇల్లు కొని, ఒకే బల్లయొద్ద భోజనము, ఒకే ధననిధి అను ఏర్పాటు చేసికొనిరి. గృహనిర్వాహము నెలకొకరు చొప్పున వహించిరి. ఎవడును తన కొరకు వ్యాపారము చేసికొనరాదు. మరుసటి సంవత్సరము ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీకి నెలకు 500 రూపాయల జీతము వచ్చినప్పుడు, ఆయన దానిని ఆ నిధిలోనే చేర్చెను.

ఇంతమంది ఒకే కప్పు క్రింద బ్రతుకుట ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబములలో పెరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. వంటయింటి మాట, పిల్లల కొట్లాట, పనిలో హెచ్చుతగ్గులు అన్నియు అక్కడ ఉండెను. వారు దేవదూతలు కారు. కాబట్టి ఆ మొదటి నెలలోనే వారు ఒక నియమము పెట్టుకొనిరి. ప్రతి శనివారపు సాయంకాలము అందరును కూడవలెను. ఆ వారములో ఒకరితో ఒకరికి కలిగిన భేదములను అక్కడనే చెప్పుకొని సరిచేసికొనవలెను. ఒకరినొకరు ప్రేమింతుమని మరల మాట ఇచ్చుకొనవలెను.

ఈ నియమములోని జ్ఞానమును గమనింపుడు. మనస్సు కుదిరినప్పుడు మాటలాడుదుమని వారు విడిచిపెట్టలేదు. మనస్సు ఎన్నడును తనంతట కుదరదు. దినము నియమించిరి గనుక, మొదట ఎవరు పోవలెనను అభిమానపు ప్రశ్న లేకపోయెను, అందరును రావలసినదే. ఏడు దినములకు మించి ఏ నొప్పియు దాగియుండుటకు వీలులేకపోయెను. మరునాడు ప్రభువు దినము. బలిపీఠమునొద్ద అర్పణ విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని మన ప్రభువు కొండమీద చేసిన బోధను వారు గోడమీద వ్రాసి ఊరకుండలేదు. వారపు పట్టికలో వ్రాసికొనిరి. కళాశాల పనిమీద కేరీ వారములో కొన్ని దినములు కలకత్తాలో ఉండి, వారాంతమునకు పడవలో ఇల్లు చేరుచుండెను.

1805లో వారు తమ సేవాసూత్రములను ఒక ఒడంబడికగా వ్రాసికొని, సంవత్సరమునకు మూడుసార్లు ప్రతి స్థలములోను బిగ్గరగా చదువవలెనని నిర్ణయించిరి. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ ముగ్గురి స్వభావములును వేరు. మార్ష్‌మన్ చురుకైనవాడు, కొందరికి గిట్టనివాడు, వార్డ్ సౌమ్యుడు, కేరీ మితభాషి. అయినను మరణము విడదీయువరకు ఆ ముగ్గురును విడిపోలేదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రణాలయము కాలిపోయెను. కాగితము, అచ్చులు, ఏండ్ల తరబడి చేసిన అనువాదముల వ్రాతప్రతులు, కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణమంతయు బూడిదయ్యెను. నిప్పు ఎట్లు పుట్టెనో తేలలేదు. ఇట్టి నష్టమున నీవలననే అని ఒకరినొకరు నిందించుకొనుట మానవ స్వభావము. వారైతే బూడిదలో మిగిలిన లోహమును ఏరి మరల అచ్చులు పోయసాగిరి. రెండు సంవత్సరములకు ఆ తెలుగు వ్యాకరణము మరల వ్రాయబడి అచ్చయి వెలువడెను.

కేరీ పెద్దకుమారుడు ఫీలిక్స్ కృష్ణపాల్‌తో కూడ ఒకే దినమున బాప్తిస్మము పొందినవాడు. తల్లి వ్యాధిలోను తండ్రి పనులలోను ఆలన లేక పెరిగిన ఆ బాలుని దారికి తెచ్చినవాడు వార్డ్. 1807లో ఫీలిక్స్ బర్మాకు సువార్తికుడుగా వెళ్లెను. 1814లో ఇరావతి నదిలో పడవ మునిగి అతని భార్యయు ఇద్దరు బిడ్డలును కన్నులయెదుటనే చనిపోయిరి. తరువాత అతడు బర్మా రాజు రాయబారియై ఆడంబరముతో కలకత్తా వచ్చి, అప్పులపాలై, రాజు అనుగ్రహము పోగొట్టుకొని, తూర్పు సరిహద్దులలో దేశద్రిమ్మరియాయెను. కుమారుడు సువార్తసేవ విడిచి రాయబారియగుట తండ్రికి గౌరవముగా గాక దిగజారుటగా తోచెను; ఆ దుఃఖమును ఆయన దాచుకొనలేదు.

1818లో వార్డ్ చిట్టగాంగ్‌లో ఫీలిక్స్‌ను కలిసికొని, శ్రీరాంపూరునకు తిరిగి రమ్మని బ్రతిమాలెను. ఫీలిక్స్ వచ్చెను. పోగొట్టుకొనిన ఏండ్ల లెక్క అడిగి అతనిని గుమ్మమునొద్ద నిలువబెట్టలేదు. తండ్రి పని చేయుచుండిన బల్లయొద్దనే అతనికి పని దొరకెను. మిగిలిన నాలుగేండ్లలో అతడు బంగాళీ భాషలో శరీరశాస్త్ర గ్రంథమును, యాత్రికుని ప్రయాణమునకు అనువాదమును సిద్ధపరచెను. 1822 నవంబరులో తండ్రి దగ్గరనే కన్నుమూసెను. మరి నాలుగు నెలలకు వార్డ్ కలరాతో మరణించెను. తప్పిపోయినవాని వెంట వార్డ్ వెళ్లకయుండిన, ఆ తండ్రికి మిగిలెడిది ఎక్కడనో తెలియని ఒక సమాధి.

శనివారపు సాయంకాలము సరిచేయలేని కలహము కూడ ఒకటి ఉండెను. దానిని దాచుట న్యాయము కాదు. 1815లో ఇంగ్లండులోని కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ మరణించిన తరువాత, క్రొత్త కమిటీవారికిని శ్రీరాంపూరువారికిని ఆస్తుల విషయమై వివాదము పుట్టెను. తాము సంపాదించి దేవునికిచ్చిన స్థలములపై అధికారము ఎవరిదను ప్రశ్న అది. 1817లో యౌవన మిషనెరీలు వేరుపడి కలకత్తాలో తమ సహవాసమును ఏర్పరచుకొనిరి; వారిలో కేరీ తమ్ముని కుమారుడు యూస్టేస్ ఉండెను. పెద్దలు అధికారమునకు అలవాటుపడిరి. చిన్నవారు ఓర్పు లేనివారైరి. తప్పు ఒక ప్రక్కనే లేదు. కేరీ హృదయము మిక్కిలి నొచ్చెను.

ఒక ఇంటివారు ఏడు దినములలో సరిచేసికొనినది, సముద్రము అడ్డమైనప్పుడు ఏండ్లు గడచినను సరికాలేదు. ఒక ఉత్తరము పోవుటకు నెలలు పట్టెడిది; జవాబు వచ్చులోగా గాయము పుండాయెను. ముఖాముఖిగా చూడని మనుష్యునిపై అనుమానము త్వరగా పెరుగును. 1827లో శ్రీరాంపూరువారును ఆ సంఘమును వేరైరి. 1834 జూన్ 9వ తేదీన కేరీ మరణించునప్పటికి ఆ చీలిక అట్లే ఉండెను.

అయితే కథ అక్కడ ముగియలేదు. 1836లో కేరీ జీవితచరిత్ర వ్రాసి ప్రచురించినవాడు వేరుపడి వెళ్లిన యూస్టేసే. 1837 డిసెంబరులో రెండు ప్రక్కలవారును మరల ఏకమైరి. మార్ష్‌మన్ కన్నుమూసినదియు ఆ నెలలోనే. కేరీ విత్తినదానిని ఇతరులు కోసిరి. మనము క్షమించి కన్నుమూసిన పిమ్మట కూడ దేవుడు సమాధానపు పనిని సాగించును.

శ్రీరాంపూరులో కేరీ సమాధి ఉన్నది. తన సేవను గూర్చి, తన భాషలను గూర్చి దానిపై ఏమియు చెక్కవద్దని ఆయన మరణశాసనములో వ్రాసెను. పేరును తేదీలును తప్ప అక్కడ ఉన్నది ఒక కీర్తనలోని చిన్న భాగము మాత్రమే. ఏ యోగ్యతయు లేనివాడు రక్షకుని చేతులలో ఒదుగుచున్నాడని దాని భావము. చెల్లని నాణెముతో సిగ్గుపడిన బాలుడు ఆ ఒప్పుకోలును డెబ్బదిరెండవ ఏట కూడ విడువలేదు.

ప్రియ చదువరీ, క్షమించుట అనగా లెక్కలు చూడకుండుట కాదు. శ్రీరాంపూరు ఇంట ప్రేమయు ఉండెను, నిధికి లెక్కయు ఉండెను. థామస్‌ను ప్రేమించిన కేరీ సొమ్మును ఉమ్మడి కాపుదలలోనే ఉంచెను. క్షమించుట అనగా సహోదరుని తప్పు అతని యావజ్జీవపు పేరు కాకుండ చూచుట. నీ ఇంట ఒక శనివారపు సాయంకాలమును నియమించుకొనుము. దీపము వెలిగించి భార్యాభర్తలును, తండ్రియు కుమారుడును, అత్తయు కోడలును కూర్చుండి, ఎదుటివాని నాణెమును గాక తన చెల్లని నాణెమునే మొదట బల్లపై పెట్టవలెను. నేను తప్పు చేసితినను మాట చిన్నది. దాని వెనుక ఇల్లంతయు వెలుగగలదు.

గోల్‌బజార్‌లోనైనను, గుంటూరులోనైనను, మరియే ఊరిలోనైనను, ఆలయమున నీకు ఎదుటి ప్రక్కన కూర్చుండి ముఖము తిప్పుకొనుచున్న సహోదరుడొకడు ఉండవచ్చును. మధ్యను సముద్రము లేదు. ఉత్తరమునకు నెలలు పట్టవు. రెండు వీథులే అడ్డము. ప్రభువు దినము రాకమునుపే లేచి, అతని తలుపు తట్టుము.